తలుపు పాటలో పేరు

నా పేరు నేను మొదటిసారి మైకులో విన్నది కోటప్పకొండ తిరునాళ్లలో. ఎనభై అయిదో సంవత్సరం శివరాత్రి అది. పక్కింటి సుబ్బరత్నం వదినా, నేనూ, నా కూతురు అక్తరూ ప్రభలు చూడ్డానికి పోయాం. తాటిచెట్టంత ఎత్తున కట్టిన ఒక ప్రభ వెనక జనరేటరు మోత, పైన రంగు బల్బులు, ముందు బల్లల మీద కుర్రవాళ్ల డాన్సు. ఆ గోలలోంచి ఒక గొంతు లేచింది.

"తలుపు తియ్యవే జైనాబీ
తాళలేనే జైనాబీ..."

చెరుకు ముక్క నములుతున్నదాన్ని ఆగిపోయాను. లోకంలో జైనాబీవి నువ్వొక్కదానివేనా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతలో చరణం వచ్చింది.

"అలిగిందంటే కూరలో ఉప్పుండదు
అరిచిందంటే వీధిలో కుక్కుండదు..."

ఇక సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. కోపం వస్తే కూరలో ఉప్పు మానేసే మనిషి నర్సరావుపేటలో మా బరంపేట మొత్తం మీద నేనే. సుబ్బరత్నం వదిన కొంగు నోట్లో కుక్కుకుని కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మీ ఆయన నిన్ను ప్రభ ఎక్కించాడమ్మాయ్ అంది. జనం ఈలలు వేసి మళ్లీ పెట్టమని అరిచారు. మళ్లీ పెట్టారు.

పొద్దున్నే బస్సు దిగి ఇంటికొచ్చి, పిల్లని లోపలికి లాక్కుని గడియ పెట్టేశాను. మా ఆయన కొట్టు నుంచి టీ తాగడానికి వచ్చి తలుపు తట్టాడు. ఏమైందే అన్నాడు. నేను లోపలి నుంచి తిట్లు మొదలుపెట్టాను, ఆపలేదు. తిరునాళ్ల నుంచి తిరిగొస్తున్న వీధి పిల్లలు ఇదంతా చూశారు. ఇంకేముంది, పాటందుకున్నారు. ఆయన తలుపు కొడుతుంటే వాళ్లు చప్పట్లు కొడుతూ తియ్యవే జైనాబీ అని పాడుతున్నారు. నా ఇంటి ముందే నాటకం అయిపోయింది. గడియ తీయక చస్తానా, తీశాను.

మా ఆయన ఖాసింకి పల్నాడు రోడ్డులో పరుపుల కొట్టు ఉండేది. మేం దూదేకులవాళ్లం. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా పని. అప్పటికే మిషన్లు వచ్చేశాయి గానీ ఆయన దూది ఏకే విల్లు వదల్లేదు. నారి మీద దెబ్బ పడుతుంటే ఆ దెబ్బకు తగ్గట్టు మాటలు పేర్చుకునేవాడు. అంతా నోటితోనే, కాగితం మీద పెట్టే అలవాటు లేదు. ఊళ్లో ఆర్కెస్ట్రాలో పాడే ఆరోగ్యస్వామి సాయంత్రాలు కొట్టుకొచ్చి, దూది కుప్ప పక్కన కూర్చుని ఆ పాటలు నేర్చుకుని పోయేవాడు. స్వామిది క్వారీలో రాళ్లు కొట్టే కుటుంబం. చర్చిలో పాడి పాడి గొంతు తేలింది. మెరిసే కోటు వేసుకుని స్టేజీ మీద గంతులేసేవాడని జనం డిస్కో స్వామి అని పిలిచేవాళ్లు. సినిమా పాటల మధ్యలో మా ఆయన పాట ఒకటి పాడితే దానికే ఈలలు ఎక్కువ. అది ఎవరు కట్టారని అడిగినవాళ్లు మాత్రం లేరు.

ఆ తలుపు పాట కూడా పెళ్లిళ్ల కోసం కట్టిందే. మా వైపు కొత్త జంట గడప తొక్కబోతుంటే ఆడపిల్లలు తలుపు మూసి అడ్డం నిలబడతారు. ఒకరి పేరు ఒకరు చెప్పందే లోపలికి రానివ్వరు. అప్పుడు పెళ్లికొడుకు తరఫున పాడేది తలుపు పాట. అందులో పెళ్లికూతురు పేరు ఉండాలి, ఏ పెళ్లికి ఆ పేరు. ఇంట్లో కూర్చుని పాట కట్టేటప్పుడు పరాయి ఆడదాని పేరు పదే పదే పలకడం మర్యాద కాదు. అందుకని కట్టేవాడు తన పెళ్లాం పేరు పెట్టుకుంటాడు, పెళ్లిలో పాడేవాళ్లు దాన్ని మార్చేస్తారు. మాలో ఇది ఒకరికొకరు చెప్పుకునే విషయం కాదు. చర్చి పెళ్లిళ్లలో తలుపు పాట లేదు కనుక స్వామికి తెలియలేదు. విజయవాడలో ఒక కంపెనీ వాళ్లు క్యాసెట్ చేస్తామంటే పోయి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పాడేసి వచ్చాడు.

ఆ వారమే స్వామి మా ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"జైనాబీ అంటే పాటలో పిల్ల పేరనుకున్నా అక్కా. నీ పేరని నాకు తెలవదు. నిన్ను ఎప్పుడూ అక్కా అనేగా పిలిచింది."

ఆ మాట నిజమే. నేను ఖాసిం వైపు తిరిగి, పేరు మార్చి పాడమని చెప్పలేదేందయ్యా అని అడిగాను. అది చెప్పాల్సిన మాట అనుకోలేదన్నాడు. ఇద్దరూ అమాయకులే. ఇక నేనెవరిని తిట్టుకోవాలి?

స్వామి తెచ్చిన క్యాసెట్ మా ఆయన చేతిలో పెట్టాడు. దాని అట్ట మీద స్వామి ఫొటో, మెరిసే కోటు. రాసి ఉన్నదేందో చదవమన్నాను, నాకు చదువు రాదు కనుక. ఆయన చదివాడు. రచన, గానం, డిస్కో స్వామి. చదివి నవ్వాడు. కంపెనీ వాళ్లే అట్టా వేసుకున్నారన్నా అని స్వామి నసిగాడు. పోన్లే అన్నాడు మా ఆయన. అది నాకు ఇంకా మండింది. నా పేరు ఊరూరా పాడుతున్నారు, పాట కట్టిన మనిషి పేరు అట్ట మీద కూడా లేదు.

ఎండలు మొదలయ్యేసరికి ఆ పాట లేని చోటు లేదు. టీ బంకుల్లో, మాచర్ల బస్సుల్లో, పత్తి మిల్లు గేటు దగ్గర అదే మోగేది. పంపు దగ్గర ఆడవాళ్లు ఈ రోజు ఉప్పేశావా అని అడిగేవాళ్లు. తెలిసినవాళ్లతో ఇబ్బంది లేదు, నాలుగు తిట్టి నేనూ నవ్వేదాన్ని. తెలియనివాళ్లతోనే కష్టం. గాజుల కొట్టులోనో బస్సులోనో ఎవరైనా పేరడిగితే మస్తానమ్మ అని చెప్పడం మొదలుపెట్టాను.

ఒకసారి నాకు జ్వరం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి పోయి, మందు చీటీ మీద అబద్ధం ఎందుకని కాంపౌండరుకు అసలు పేరే చెప్పాను. బల్ల మీద కూర్చున్నాం అందరం. నా వంతు రాగానే జైనాబీ అని పిలిచాడు. ఒక ముసలాయన ఉన్నచోటనే తల ఊపుతూ తలుపు తియ్యవే అన్నాడు. బల్లంతా నవ్వింది. చంటిబిడ్డకు జబ్బు చేసి ఏడుస్తున్న తల్లి కూడా నవ్వింది. వాళ్లు నన్ను చూసి నవ్వలేదు, నేనెవరో వాళ్లకు తెలియదు. ఎవరు లేస్తారా అని చూస్తున్నారు. నేను లేవలేదు. కాంపౌండరు ఇంకోసారి పిలిచి తర్వాతి మనిషిని పంపాడు. జ్వరంతోనే నడుచుకుంటూ ఇంటికొచ్చి పడుకున్నాను.

అబద్ధమెందుకు, ఆ పాట విని నాలో నేను మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజు మాత్రం నా పేరు నాకు పనికిరాకుండా పోయిందని ఏడ్చాను. ఆయన మజ్జిగ కలిపి తెచ్చాడు, మందులు తెచ్చాడు. స్వామితో ఆ పాట పాడొద్దని చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. కానీ క్యాసెట్ నోరు ఎవరు మూస్తారు?

ఉగాది వెళ్లాక స్వామి మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది. నేను కొట్లో పరుపు గుడ్డకు కుట్లు వేస్తున్నాను, ఆయన దూది ఏకుతున్నాడు. కంపెనీ వాళ్లు ఇంకో క్యాసెట్ అడుగుతున్నారన్నాడు స్వామి. అందులో అన్నీ జైనాబీ పాటలే ఉండాలట. అలిగే పాట, సంతకు పోయే పాట, మొగుడు ఊరెళ్తే ఎదురుచూసే పాట. స్వామి కంపెనీ ఆయనతో గట్టిగా మాట్లాడాడట. ఈసారి అట్ట మీద రచన ఖాసిం అని వేస్తామని ఒప్పుకున్నాడట.

విల్లు ఆగింది. మా ఆయన ముఖం అట్లా మారడం నా కాపురంలో అక్తర్ పుట్టినప్పుడు ఒక్కసారే చూశాను. పేరు మారిస్తే ఒప్పుకుంటారా అని అడిగాడు. జైనాబీ లేకపోతే వద్దంటారన్నా, ఇంకెవరి చేతనో రాయించుకుంటారు అన్నాడు స్వామి.

"పేరు నాది కాదు స్వామీ," అన్నాడు మా ఆయన. "దాన్నడుగు."

స్వామి నన్ను అడిగాడు. ఇప్పటికి పోయింది చాలు, ఇంకో క్యాసెట్ నిండా నన్ను ఊరేగిస్తారా అన్నాను. సూది గుడ్డలోనే వదిలేసి ఇంటికొచ్చేశాను.

ఆయన నన్ను బతిమాలితే తిట్టేదాన్ని, తిడితే మళ్లీ తిట్టేదాన్ని. ఏదీ చెయ్యలేదు. ఉప్పు లేని కూర కూడా మాట్లాడకుండా తిన్నాడు. నేనూ మాట్లాడడం మానేశాను. మాట్లాడితే ఎక్కడ పాటయిపోతుందోనని భయం. ఇంట్లో పిల్ల గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. కొట్లో విల్లు మోగేది గానీ దాని వెనకాల కూనిరాగం లేదు. వట్టి చప్పుడు ఎంత విసుగో అప్పుడే తెలిసింది నాకు.

ఆ రోజుల్లోనే సుబ్బరత్నం వదిన కూతురి పెళ్లి వచ్చింది. పెళ్లి పరుపు మా ఆయనే కుట్టాడు, మంచి బూరుగు దూది పెట్టి. మోసుకొచ్చి విడిది గదిలో పరిచి, పందిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పాడనని మాటిచ్చినా, మగపెళ్లివారు పట్టుబట్టేసరికి స్టేజీ మీద స్వామి తలుపు పాటే పాడుతున్నాడు. మన పల్నాడు ముద్దుబిడ్డ, తనే రాసి తనే పాడిన పాట అని మైకులో చెప్పారు. మగపెళ్లివారిలో ఒకాయన వెనక్కి తిరిగి, పరుపులాయనా, పక్కకు జరుగు, మావాళ్లకు కనపడట్లా అన్నాడు. మా ఆయన జరిగాడు. పందిరి గుంజ పక్కన నిలబడి స్వామితో పాటు పెదాలు కదుపుతున్నాడు.

"పరుపు కుట్టినా నిద్దర రాదే
పలకవే ఒక్కసారి జైనాబీ"

ఇది అసలు చరణం. స్వామి ఆ రోజు హుషారులో పరుపు పరిచినా అని పాడేశాడు. మా ఆయన పెదాలు ఆగాయి. ముఖం చిట్లించి, కుట్టినా అని తనలో తను అనుకున్నాడు. నాకు వినపడలేదు, పెదాలు చూశాను. పరుపు ఎవడైనా పరుస్తాడు. కుట్టేవాడు మా ఆయన. పాట మొత్తంలో ఆయన ఉన్నది ఆ ఒక్క మాటలో. అది కూడా పోయిందని ఆ పందిట్లో ఎవరికీ తెలియలేదు. నేను విస్తరి ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే లేచాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయనకు అన్నం పెడుతూ, పెట్టుకో అన్నాను. ఏంది అన్నాడు, కూర గిన్నె వైపు చూసి.

"పేరు. క్యాసెట్లో పెట్టుకో. నన్నేమన్నా అనుకో గానీ, పిల్ల పేరు ఎత్తావంటే మాత్రం ఊరుకోను."

ఆయన ముద్ద కలిపి అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.  తర్వాత మజ్జిగ ఉందా అని అడిగాడు. ఉందని చెప్పి పోశాను.

ఆ తర్వాత మా కొట్టు కొట్టులా లేదు. నేను నోరు విప్పడం ఆలస్యం, ఆయన విల్లు ఆపి ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకునేవాడు. దూది ఎగిరి అన్నంలో పడుతోందని నేను తిడితే అది ఒక పల్లవి. సంతలో బేరం చేసి చేసి కొనకుండా వచ్చానని సుబ్బరత్నం వదినతో చెబితే అది ఒక చరణం. కొన్ని చోట్ల ఆడది ఇట్లా అనదయ్యా అని నేనే దిద్దాను. ఎదురుచూసే పాట మాత్రం ఆయన ఒక్కడే కట్టుకున్నాడు. అది మొదటిసారి పాడి వినిపించినప్పుడు నేను గుడ్డ కుట్టడం ఆపి బయటికి పోయి నిలబడ్డాను. మగవాడికి ఇంత తెలుసా అనిపించింది.

స్వామితో పాటు ఆయనా విజయవాడ వెళ్లొచ్చాడు. పాట రికార్డు చేసే గదిలో అద్దం అవతల కుర్చీ వేసి కూర్చోబెట్టారట, కూల్‌డ్రింకు ఇచ్చారట. రంజాన్ నెల పట్టే ముందు క్యాసెట్ వచ్చింది. అట్ట మీద స్వామి ఫొటో కింద చిన్న అక్షరాలు. ఆయన నా వేలు పట్టుకుని వాటి మీద పెట్టి, ఇదీ అన్నాడు. కొట్లో అందరికీ కనపడేలా దాన్ని అరలో నిలబెట్టాడు. వచ్చినవాళ్లు పరుపు ధర అడిగి పోయేవాళ్లు. చూడండి అని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు.

పాటలు మాత్రం నిప్పంటుకున్నట్టు పాకాయి. రంజాన్ నెల అయ్యేసరికి పల్నాడంతా సంత పాటే.

పండగ వెళ్లి తొలకరి పడ్డాక కారంపూడిలో మా చుట్టాల పెళ్లికి పోయాం. తిరుగు ప్రయాణంలో బస్సు కదలడానికి ఇంకా టైముందన్నారు. బస్టాండు ఎదురుగా ఒక రికార్డింగు షాపు, బయట పెట్టిన స్పీకరులో ఎదురుచూసే పాట మోగుతోంది. ఒక క్యాసెట్ కొందామన్నాడు ఆయన. మనకుందిగా అన్నాను. అయినా అటు నడిచాడు. ఇంకో ఊళ్లో, ఇంకొకరి షాపులో తన పేరు చూసుకోవాలని ఉంది ఆయనకు. అర్థమై నేనూ వెనకాలే పోయాను.

షాపు నడిపే కుర్రవాడి పేరు ఇక్బాల్ అని పక్కవాళ్లు పిలుస్తుంటే తెలిసింది. జైనాబీ క్యాసెట్ అడిగితే ఒకటి తీసి ఇచ్చాడు. అట్ట మీద స్వామి ఫొటో లేదు, ఏమీ లేదు. ఖాళీ క్యాసెట్ మీద బాల్‌పెన్నుతో రెండు మాటలు రాసి ఉన్నాయి. మా ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కంపెనీది లేదా అని అడిగాడు. కంపెనీది ఒకటి కొని దాని మీద నుంచి ఎక్కిస్తామని, ఏ ఊళ్లోనైనా ఇంతేనని, పాట మాత్రం తేడా రాదని ఇక్బాల్ ఓపిగ్గా చెప్పాడు.

"ఈ పాటలు రాసిందెవరు?" అన్నాడు మా ఆయన, ఊరికే అడిగినట్టు.

"జైనాబీ. పేరు పాటలోనే ఉందిగా," అన్నాడు ఇక్బాల్. "పీర్ల పాటైనా తత్వమైనా కట్టినోళ్ల పేరే గదా లోపల పెట్టేది. మన సాయిబుల ఆడమనిషే ఎవరో. చానా తెలివిగల్లది."

మా ఆయన క్యాసెట్ బల్ల మీద పెట్టేశాడు. అవును, తెలివిగల్లదే అని, వచ్చి బస్సెక్కాడు. నేనూ అక్తరూ పక్కన కూర్చున్నాం. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"అబద్ధమేం కాదులే జైనాబూ. మాటలన్నీ నీవేగా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పెద్ద దెబ్బ తగిలితే మనిషి ఒక్కసారి అరవొచ్చు గదా, అదీ లేదు.

"మాటలు అందరికీ వస్తయ్. తిట్లు మా అమ్మకీ వచ్చు, సుబ్బరత్నం వదినకీ వచ్చు. పాట నీకే వచ్చింది."

 ఆయన కళ్లు తుడుచుకున్నాడో, మీద పడ్డ తుంపర తుడుచుకున్నాడో నేను చూడదలచుకోలేదు. పిల్లని ఆయన ఒళ్లోకి తోసి బస్సు దిగాను. ఎక్కడికే, బస్సు పోతది అని వెనక నుంచి అంటున్నాడు. బురదలో చెప్పు ఇరుక్కుంటే లాక్కుని షాపు దాకా నడిచాను.

షాపు ముందు టీ తాగేవాళ్లు, బస్సు కోసం చూసే కాలేజీ కుర్రవాళ్లు, కొందరు ఆడవాళ్లు. ఆ పాటలు రాసింది ఖాసిం అన్నాను ఇక్బాల్‌తో. నర్సరావుపేట, పల్నాడు రోడ్డు, పరుపుల ఖాసిం అన్నాను. ఇక్బాల్ నన్ను తేరిపార చూశాడు.

"నీకెట్టా తెలుసమ్మా? నువ్వెవరు?"

ఎండాకాలమంతా కొత్తవాళ్లకు నేను మస్తానమ్మని.  చుట్టూ ఉన్నవాళ్లందరూ నా వైపే చూస్తున్నారు.

"జైనాబీని నేనే. ఆయన పెళ్లాన్ని."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు. నేను కదల్లేదు. ఇక్బాల్ చెయ్యి చాపి స్పీకరు గొంతు తగ్గించాడు. కూర్చో పిన్నమ్మా అని స్టూలు జరిపాడు. కూర్చోవడానికి రాలేదు, రాయి అన్నాను. ఏమనుకున్నాడో, జేబులోంచి పెన్ను తీసి ఆ క్యాసెట్ మీద రాశాడు. మిగతావాటి మీద కూడా అన్నాను. అరలో ఉన్నవన్నీ కిందికి దించి ఒక్కొక్కదాని మీదా రాశాడు.

నాకు చదువు రాదు, ఏం రాశావో చదివి చెప్పమన్నాను.

"జైనాబీ పాటలు. రచన, పరుపుల ఖాసిం, నరసరావుపేట."

పరాయి మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు. అవతల డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మా ఆయన కిటికీలోంచి సగం బయటికి వచ్చి, పిల్లని ఒక చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. అంత దూరానికి ఏం వినపడుతుంది?

"గట్టిగా చదువు," అన్నాను.